ఎనిమిదా? ఎనభయ్యా?

ఈ మధ్య నా ఇన్‌బాక్స్ తెరిస్తే ఒకటే ప్రశ్న. "అక్కా, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంట. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చంట. నేర్చుకోమంటావా?" 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆడవాళ్లకు వర్క్ ఫ్రం హోం అవకాశాలు పెద్ద ఎత్తున తెస్తామన్నప్పటి నుంచి ఈ ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. రాయదుర్గం నుంచి ఒకరు, ఉరవకొండ నుంచి ఒకరు, పెళ్లయి గుత్తిలో ఉంటున్నవాళ్లు ఒకరు.

పోయిన వారం కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి ఒక చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "డిగ్రీ అయిపోయిందక్కా. బెంగళూరికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. కోర్సు ఫీజు ఇరవై ఐదు వేలంట. నాయన శెనక్కాయలు అమ్మిన దుడ్లు పక్కన పెట్టినాడు. కట్టేయమంటావా?"

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని నేల మనది. ఇక్కడ ఒక పంట డబ్బు ఇరవై ఐదు వేలంటే ఎంతో నాకు తెలుసు. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే. నేను అనంతపురంలో ఇంట్లోంచి తొమ్మిదేళ్లుగా ఈ పనే చేస్తున్నా. మొదట టైపింగ్, ఇప్పుడు ఎడిటింగ్. కాబట్టి బ్రోచర్‌లో ఉండే మాటలు కాకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న మనిషి మాటలు చెప్తా.

అసలు ఇదేం పని?

అమెరికాలో ఒక డాక్టర్ పేషెంట్‌ని చూస్తాడు. ఏం జబ్బు, ఏం పరీక్ష చేశాం, ఏం మందు ఇచ్చాం, ఇవన్నీ అక్కడ కచ్చితంగా రికార్డులోకి ఎక్కాలి. అంతా టైప్ చేసే తీరిక డాక్టర్‌కి ఉండదు. ఫోన్‌లోనో చిన్న రికార్డర్‌లోనో గబగబా చెప్పేస్తాడు. ఆ ఆడియో విని, రిపోర్టుగా మార్చేవాళ్లే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులు. మేం పొట్టిగా ఎం.టి.లు అనుకుంటాం. ఆపరేషన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే రిపోర్టు, మొదటిసారి వచ్చిన పేషెంట్ చరిత్ర... ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంటుంది.

మన దేశానికి ఈ పని 1990ల్లో వచ్చింది. మనకూ వాళ్లకూ గడియారం తేడా బాగా పనికొచ్చింది. న్యూయార్క్‌లో సాయంత్రం ఆరు అంటే మనకు ఎండాకాలంలో తెల్లవారుజాము మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. వాళ్లు చెప్పి ఇంటికి పోతే, వాళ్లు నిద్రలేచేసరికి ఇక్కడ రిపోర్టు రెడీ అన్నమాట. 2000 ప్రాంతంలో అమీర్‌పేటలో జావా బోర్డుల పక్కనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు కూడా వేలాడేవి. వాటిలో కొన్ని నిజంగా పని నేర్పాయి. చాలావాటికి ఫీజు వసూలు చేయడమే పని. ఇప్పుడు బోర్డులు పోయి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, అంతే తేడా.

రీల్స్‌లో చెప్పేది ఒకటే. "టైపింగ్ వస్తే చాలు." ఈ మాట దగ్గరే మనం ఆగాలి.

ఒక్క సున్నా

2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక మహిళ ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయింది. ఆమెకు షుగర్ ఉంది. డాక్టర్ తన డిక్టేషన్‌లో లెవెమిర్ అనే ఇన్సులిన్ 8 యూనిట్లు అని చెప్పాడు. ఆ ఆడియో చేతులు మారి మారి మన దేశానికి వచ్చింది. ఇక్కడ టైప్ అయిన డిశ్చార్జ్ సమ్మరీలో 80 యూనిట్లు అని పడింది. ఆమె వెళ్లిన మరో కేంద్రంలో నర్సు కాగితంలో ఉన్న ప్రకారం మందు ఇచ్చింది. ఆమె బతకలేదు. కుటుంబం కోర్టుకు వెళ్లింది. 2012 డిసెంబర్‌లో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం విధించింది.

ఈ కేసు గురించి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు ఏది చెప్పండి? ఇన్సులిన్ పెన్ను తిప్పి గీతలు లెక్కపెట్టే అమ్మనో, అవ్వనో చూడని వాళ్లు ఎవరున్నారు? ఎనిమిది గీతలకు బదులు ఎనభై అంటే ఏమవుతుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో ఎయిట్, ఎయిటీ. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. చివర్లో చిన్న ఊపిరంత తేడా. డాక్టర్ నడుచుకుంటూ చెప్తుంటాడు, వెనక లిఫ్ట్ గంట మోగుతుంటుంది, మధ్యలో శాండ్‌విచ్ కూడా కొరుకుతుంటాడు. ఆ ఊపిరిని పట్టుకోవడమే మన ఉద్యోగం. అది వినబడకపోతే ఏం చేయాలి? ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర అనుమానం ఉందో గుర్తు పెట్టి పైకి పంపాలి. ఊహించి రాయకూడదు. ఈ వృత్తిలో మొట్టమొదటి నియమం ఇదే. చాలా కోర్సుల్లో దీన్ని ఆఖరి వారంలో చెప్తారు.

స్పీడ్ అనేది అలవాటుతో వస్తుంది. అనుమానం వచ్చినప్పుడు చేయి ఆగడం మాత్రం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి.

మరి మెషీన్ వచ్చేసింది కదా?

వచ్చేసింది. దీన్ని దాచి మాట్లాడితే మిమ్మల్ని మోసం చేసినట్టే. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ ఈ రంగంలోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఇందులో పెద్ద పేరున్న న్యువాన్స్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొంటున్నట్టు 2021లో ప్రకటించింది. ధర 1,970 కోట్ల డాలర్లు. 2022 మార్చిలో కొనుగోలు పూర్తయింది. ఇప్పుడు డాక్టర్ విడిగా డిక్టేట్ కూడా చేయక్కర్లేని పద్ధతి వచ్చింది. డాక్టర్, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని, నోట్ తయారు చేసే ఏఐ ఉంది.

అసలు ఈ వృత్తివాళ్ల అమెరికా సంఘమే ఏం చేసిందో చూడండి. 1978లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పేరుతో పుట్టిన సంఘం, 2007లో పేరు మార్చుకుంది. కొత్త పేరులో 'ట్రాన్స్‌క్రిప్షన్' అన్న మాటే లేదు. 'హెల్త్‌కేర్ డాక్యుమెంటేషన్ ఇంటెగ్రిటీ' అని పెట్టుకున్నారు. అంటే, ఆరోగ్య రికార్డు నిజాయితీగా ఉందా లేదా చూడటం. గాలి ఎటు వీస్తోందో వాళ్లకు ఆ రోజే అర్థమైంది.

అలాగని మెషీన్ అన్నీ సరిగ్గా రాస్తుందా? 2024లో కార్నెల్ తదితర అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు విస్పర్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించారు. సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటలను అది సొంతంగా కల్పించి రాసింది. మనిషి మాట మధ్యలో ఆగిన చోట్ల ఈ బెడద ఎక్కువ. 1 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కటీ మీ అమ్మ రిపోర్టు అయితే?

పైగా మనిషి తప్పు చేస్తే స్పెల్లింగ్ కూడా తేడాగా ఉంటుంది కాబట్టి అనుమానం వస్తుంది. మెషీన్ తప్పు చాలా నీట్‌గా ఉంటుంది. వాక్యం అందంగా ఉంటుంది, వ్యాకరణం సరిగ్గా ఉంటుంది, విషయం మాత్రం తప్పు. 'ఛాతీ నొప్పి లేదు' అని డాక్టర్ అంటే 'ఛాతీ నొప్పి ఉంది' అని పడుతుంది. కళ్లు జారిపోయి ముందుకు వెళ్లిపోతాయి.

కాబట్టి నేను చెప్పేది ఇది. టైపింగ్ ఉద్యోగం కోసం ఇందులోకి రావద్దు. అది కరిగిపోతోంది, ఖాళీలు తగ్గుతున్నాయి, ఇంకా తగ్గుతాయి. తప్పు పట్టుకునే ఉద్యోగం కోసమైతే రండి. దానికి చెవి కావాలి, వైద్యం భాష కావాలి, అనుమానించే బుర్ర కావాలి. ఈ మూడూ ఉన్నవాళ్లకు ట్రాన్స్‌క్రిప్షన్ తలుపు మూసుకున్నా పక్క తలుపులు తెరుచుకుంటాయి. వాటి సంగతి తర్వాత చెప్తా.

సంధి విడదీయడం వచ్చా? అయితే సగం వచ్చినట్టే

'తెలుగు మీడియం అక్కా, మెడికల్ పదాలు నావల్ల కాదు' అంటుంటారు చాలామంది. పదో తరగతిలో సంధులు, సమాసాలు విడదీశారా లేదా? ఇదీ అదే.

కోలిసిస్టెక్టమీ అని ఒక పదం. చూడగానే భయం వేస్తుంది. విడదీయండి. కోలి అంటే పిత్తం. సిస్ట్ అంటే సంచి. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ అన్నమాట. ఇప్పుడు అపెండెక్టమీ మీరే చెప్పేస్తారు. టాన్సిలెక్టమీ కూడా. ఎక్టమీ అంటే తీసేయడం, ఒటమీ అంటే కోయడం, ఒస్టమీ అంటే దారి చేయడం. ఈ మూడు ముక్కలతో ఎన్ని ఆపరేషన్ల పేర్లు తెలుస్తాయో రాసుకుంటూ పోండి. రోజుకు పది ముక్కలు చొప్పున రెండు నెలలు నేర్చుకుంటే ఆరు వందలు. దాంతో కొన్ని వేల పదాలు విప్పుకోవచ్చు.

కష్టమంతా ఇంకోచోట ఉంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం. ఇంగ్లిష్ అలా కాదు. మనం ఇంగ్లిష్‌ని కంటితో నేర్చుకున్నాం, చెవితో కాదు. న్యుమోనియా మొదట్లో 'పి' ఉంటుంది, పలకరు. సోరియాసిస్‌కీ అంతే. వినబడిన దాన్నిబట్టి డిక్షనరీలో 'ఎన్' దగ్గరో 'ఎస్' దగ్గరో వెతికితే జన్మలో దొరకదు.

ఇంకా చిక్కు చూడండి. ఇలియం అని రెండున్నాయి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, పలికినా ఒకటే. మధ్యలో 'ఇ' అక్షరం ఉన్నది చిన్నపేగు చివరి భాగం. 'ఐ' ఉన్నది నడుము ఎముక. చెవి ఒక్కటే చాలదు, డాక్టర్ పేగు గురించి చెప్తున్నాడా, ఎముక గురించా తెలియాలి. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట తడబడటం. పక్షవాతం వచ్చిన మనిషికి రెండూ ఉండొచ్చు! హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. థైరాయిడ్ తక్కువైనవాళ్లకి, ఎక్కువైనవాళ్లకి మందులు పూర్తిగా వేరు. సెలెబ్రెక్స్ కీళ్ల నొప్పుల మందు, సెలెక్సా డిప్రెషన్ మందు, సెరెబిక్స్ ఫిట్స్ మందు. ఈ మూడూ గబగబా మూడుసార్లు అని చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక్కడ మనకు ఒక చిన్న లాభం కూడా ఉంది. అమెరికా ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు బోలెడుమంది. వాళ్ల డిక్టేషన్ వచ్చిందంటే నాకు పండగే. ఎంత అమెరికా యాస పూసినా, లోపల గుంటూరో, కడపో వినబడుతూనే ఉంటుంది.

పైసా ఖర్చు లేకుండా ఆరు నెలలు

ఫీజు కట్టే ముందు ఆరు నెలలు ఇంట్లో ఇది చేసి చూడండి. డేటా ప్యాక్ తప్ప ఖర్చు లేదు.

మొదటి రెండు నెలలు శరీరం, పదాలు. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల అనాటమీ అండ్ ఫిజియాలజీ పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజుకు రెండు పేజీలు చాలు. మందులు, జబ్బుల గురించి మెడ్‌లైన్‌ప్లస్ చూడండి. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే సైట్ అది, భాష కూడా సులువుగా ఉంటుంది. చదివింది ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. అవ్వకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే.

మూడు, నాలుగు నెలలు చెవి. ఎం.టి. శాంపుల్స్ అనే సైట్‌లో వేల కొద్దీ నమూనా రిపోర్టులు ఉన్నాయి. ఒకటి తీసుకుని స్నేహితురాలికి పంపండి. ఆమె దాన్ని గబగబా చదివి వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టాలి. నడుస్తూ చదవమనండి, మిక్చర్ నములుతూ చదవమనండి. మీరు విని టైప్ చేసి, అసలు రిపోర్టుతో పోల్చండి. తర్వాత ఆమెకు మీరు చదివి పంపండి. మొదట్లో ఒక నిమిషం ఆడియోకి పదిహేను నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. తప్పులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల తర్వాత చూస్తే మీ తప్పులన్నీ ఒకే నాలుగైదు రకాలుగా కనబడతాయి. మీ చెవి ఎక్కడ మోసం చేస్తుందో తెలిసిపోతుంది.

ఐదో నెల ఎడిటింగ్. మీ ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉంది కదా? అదే ఆడియోని దానికి వినిపించండి. అది రాసినదాన్ని మీరు దిద్దండి. అసలు కంపెనీలో చేసేది దాదాపు ఇదే పని. మెషీన్ ఎక్కడ పడుతుందో చూడటం భలే సరదాగా ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆడియో లేకుండా చదివి, మీకు అనుమానం వచ్చినచోట్ల గీత పెట్టండి. తర్వాత వింటూ చూడండి. గీత పెట్టనిచోట తప్పు దొరికితే, అదే మీకు పాఠం.

ఆరో నెల పరీక్షలు. మంచి కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు ఆడియో టెస్టు, ఇంగ్లిష్ టెస్టు పెడతాయి. 98 శాతం పైన కచ్చితత్వం అడుగుతారు. రెండు మూడు చోట్ల రాయండి. ఫెయిలైనా పర్వాలేదు, ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. ఆ తర్వాత కోర్సు కావాలో వద్దో మీరే నిర్ణయించుకోగలరు. అప్పుడు ఫీజు కట్టినా ఏం నేర్చుకోవాలో తెలిసి కడతారు.

ఇంట్లో పని అంటే ఇల్లు కూడా ఒప్పుకోవాలి

వర్క్ ఫ్రం హోం అనగానే అందరికీ కంప్యూటర్ కనబడుతుంది. నాకు ముందు తలుపు కనబడుతుంది. గడియ ఉన్న తలుపు. మన చేతిలోకి వచ్చేది పరాయి మనిషి ఆరోగ్య రహస్యం. అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది. పేషెంట్ వివరాలు బయటకు పొక్కకూడదు. స్క్రీన్ ఫొటో తీయకూడదు, ఇంట్లో వాళ్లకు కథలా చెప్పకూడదు, నెట్ సెంటర్‌లో కూర్చుని చేయకూడదు. వరండాలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కింటి పిన్ని తొంగి చూస్తుండగా చేసే పని కాదిది.

తర్వాత కరెంటు, నెట్. ఆడియో ఫైళ్లు చిన్నవే, మహా వేగం అక్కర్లేదు. మధ్యలో తెగకుండా ఉండటం ముఖ్యం. ఫైబర్ లైన్ ఒకటి, అది పోతే ఫోన్ హాట్‌స్పాట్. ఇన్వర్టర్ తప్పనిసరి. మే నెలలో మన ఎండకి ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ చప్పుడులో 'ఎయిట్' వినబడదు. కాబట్టి చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ మీదే మొదటి ఖర్చు పెట్టండి. ఆడియోని కాలితో ఆపి వెనక్కి తిప్పే ఫుట్ పెడల్ తర్వాత కొనుక్కోవచ్చు.

అన్నిటికంటే కష్టమైంది ఇంకోటి ఉంది. 'ఇంట్లోనే ఉన్నావు కదా' అనే మాట. స్టవ్ మీద పాలు చూడు, గ్యాస్ వాడు వచ్చాడు చూడు, చుట్టాలొచ్చారు కాఫీ పెట్టు. ఆఫీసుకి వెళ్లేవాళ్లని ఎవరూ ఇలా పిలవరు. రాత్రంతా పనిచేసి పగలు పడుకుంటే 'పొద్దెక్కినా లేవదు' అంటారు. పని మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. ఫలానా టైం నుంచి ఫలానా టైం వరకు నేను డ్యూటీలో ఉన్నా, తలుపు కొట్టొద్దు అని. అలబామా కథ చెప్పండి. మా అత్తగారికి ఆ ఒక్క సున్నా కథ చెప్పాక, నా గది ముందు మిక్సీ కూడా ఆగిపోయింది.

డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది

ఇందులో చాలాచోట్ల జీతం లైన్ల లెక్క. లైన్ అంటే 65 అక్షరాలు, ఖాళీలతో సహా. మెషీన్ రాసినదాన్ని దిద్దే పనికి లైన్‌కి ఇచ్చేది సొంతంగా టైప్ చేసినదానికంటే తక్కువ. చాలాచోట్ల సగం దగ్గరే. కాబట్టి 'నెలకు ఇంత గ్యారంటీ' అని మొదటి రోజే చెప్పేవాళ్లని నమ్మకండి. లైన్‌కి ఎంత, తప్పులకు ఎంత కోత, పని లేని రోజు ఎంత, ఈ మూడూ కాగితం మీద అడగండి.

మీకు పని ఇచ్చేది ఎవరో కూడా అడగండి. 2003లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక యూనివర్సిటీ ఆసుపత్రి రికార్డుల పని ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి చివరికి కరాచీలోని ఒక మహిళ దగ్గరికి చేరింది. ఆమెకు రావాల్సిన డబ్బు రాలేదు. ఇవ్వకపోతే పేషెంట్ల రికార్డులు నెట్‌లో పెడతానని ఆసుపత్రికే మెయిల్ పంపింది. తర్వాత వెనక్కి తగ్గింది గానీ, అమెరికా అంతా గగ్గోలైంది. ఆమె చేసింది తప్పే, అందులో సందేహం లేదు. కానీ గొలుసులో ఆఖరి కొక్కెం దగ్గరికి వచ్చేసరికి డబ్బు ఎంత సన్నబడుతుందో కూడా ఆ కథ చెప్తుంది. కాబట్టి నేరుగా కంపెనీ నుంచి పని తీసుకోండి. 'నాకు తెలిసినాయన దగ్గర ప్రాజెక్ట్ ఉంది' అనేవాళ్ల నుంచి వద్దు.

ఇక అసలు దొంగలు. 'రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఫైళ్లు పంపుతాం' అంటారు. అగ్రిమెంట్ మీద ఆన్‌లైన్ సంతకం తీసుకుంటారు. వారం తర్వాత 'మీ పనిలో తప్పులున్నాయి, అగ్రిమెంట్ ప్రకారం జరిమానా కట్టకపోతే కేసు' అని లాయర్ పేరుతో నోటీసు పంపిస్తారు. భయపడి కట్టేవాళ్లు ఎక్కువ ఆడపిల్లలే. ఇంట్లో తెలిస్తే తిడతారని చెప్పుకోరు. చెప్పండి. 1930 నంబర్‌కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు పంపిన వెంటనే చేస్తే ఆపే అవకాశం ఎక్కువ. గుర్తు పెట్టుకోండి, ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

మన ఊళ్లలో బోరు వేయించే ముందు ఎంత విచారిస్తాం? పాయింట్ చూపిస్తాం, పక్క చేన్లో ఎన్ని అడుగులకు పడిందో కనుక్కుంటాం. అయినా ఎండిన బోర్లు ఎన్నో. కోర్సుకీ అంతే విచారించండి. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పోయిన ఏడాది చేరి ఇప్పుడు పనిచేస్తున్న ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే అక్కడ నీళ్లు లేనట్టే.

పక్క తలుపులు

వైద్యం భాష నేర్చుకుంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఒక్కటే దారి కాదని చెప్పా కదా. మెడికల్ కోడింగ్ ఉంది. రిపోర్టు చదివి, జబ్బుకీ చికిత్సకీ సరైన కోడ్ వేయాలి. అమెరికాలో 2015 అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10 కోడ్లు వాడుతున్నారు. సీపీసీ అనే పరీక్ష పాసైతే విలువ ఉంటుంది. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు మొగ్గు ఎక్కువ. అక్కడా ఏఐ వస్తోంది, అది కూడా తెలిసే వెళ్లండి. డాక్టర్ పేషెంట్‌ని చూస్తుండగానే దూరం నుంచి విని నోట్ రాసే వర్చువల్ స్క్రైబ్ పని ఉంది. ఏఐ రాసిన నోట్‌ని సరిచూసే పని ఉంది.

మన దగ్గరి దారి కూడా ఒకటుంది, ఎవరూ పెద్దగా చెప్పరు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ముందుగా తీసుకున్న మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతా రెండు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఇప్పుడు మన రాష్ట్రంలో దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆ పథకంలో గానీ ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో గానీ ఆపరేషన్‌కి అనుమతి రావాలంటే రిపోర్టులు సరిగ్గా ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక మాట తేడా పడితే క్లెయిమ్ ఆగుతుంది, పేదవాడి డబ్బు ఇరుక్కుంటుంది. అందుకే ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల్లో ఈ భాష తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. ఇంటి నుంచి కాకపోవచ్చు. కానీ బెంగళూరు బస్సు ఎక్కకుండా, మన ఊరి దగ్గరే దొరికే పని.

ఫీజు కట్టే ముందు ఒక పని

ఈ రాత్రి ఒక నమూనా రిపోర్టు తీసుకుని, ఒక్క నిమిషం ఆడియో చేయించుకుని, విని రాయండి. తర్వాత అసలుతో పోల్చండి. తప్పులు ఎన్ని వచ్చాయని కాదు నేను అడిగేది, మొదటిసారి అందరికీ వస్తాయి. తప్పు కనబడినప్పుడు మీకు ఏమనిపించింది? 'అబ్బా, ఇంత చిన్నదానికి ఏముందిలే' అనిపిస్తే ఈ ఫీజు వేరే చదువుకి దాచుకోండి, అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. 'అరే, ఎక్కడ జారింది?' అని ఆ ఒక్క మాట కోసం ఆడియోని మళ్లీ నాలుగుసార్లు వెనక్కి తిప్పారా? అయితే ఆరు నెలల లెక్క రేపే మొదలుపెట్టండి.

వచ్చే వారం మెడికల్ కోడింగ్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఈలోగా ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్లయినా 'ఈరోజే ఆఖరి తేదీ, సగం ఫీజే' అని ఫోన్ చేస్తే, వాళ్లని మెల్లగా ఒక మాట అడగండి: "మీ దగ్గర నేర్చుకున్నవాళ్లకు వినబడనిచోట ఏం చేయమని చెప్తారు?" ఖాళీ వదలమని చెప్తామంటే ఇంకో ప్రశ్న అడగొచ్చు. ఏదో ఒకటి రాసేయమంటామంటే ఫోన్ పెట్టేయండి.